షూటర్ పాయింట్ గార్డ్ అవుతాడా అని అడిగావు కదా

అల్లుడూ,

బాస్కెట్‌బాల్‌లో నాలాంటి షూటర్, అంటే దూరం నుంచి షాట్లు వేసేవాడు, బాల్ ముందుకు తెచ్చి ఆట నడిపించే పాయింట్ గార్డ్ అవుతాడా అని అడిగిన నీ మెసేజ్ అందింది, దాంతోపాటు పంపిన వీడియో కూడా రెండుసార్లు చూశాను. మీ ఇంట్లో దీని మీద పెద్ద గొడవే నడుస్తున్నట్టుంది. షూటరైన స్టెఫెన్ కర్రీ పాయింట్ గార్డ్ అయ్యాడు కదా, మావాడెందుకు కాడు అని మీ నాన్న నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. జిమ్మర్ ఫ్రెడెట్ ఏమయ్యాడో చూసుకోమను మామయ్యా అని మీ అన్నయ్య మర్నాడు పొద్దున్నే చేశాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, కాకపోతే ఎవరికి కావలసిన సగం వాళ్లు పట్టుకున్నారు.

ముందు వీడియో సంగతి. నాలుగు నిమిషాల్లో 31 షాట్లు, అన్నీ పడ్డాయి, హైలైట్స్ కాబట్టి పడక ఏం చేస్తాయిలే. కాగితం పెట్టుకుని లెక్క రాశాను. 26 షాట్లు వేరేవాడు పాస్ ఇస్తే అందుకుని వేసినవి. నువ్వే డ్రిబుల్ చేసుకుంటూ వచ్చి వేసినవి ఐదు, అందులో నాలుగుసార్లు కుడివైపుకే వెళ్లావు. నీ దగ్గర ఈ వీడియో ఉందంటే అవతలి టీమ్ కోచ్ దగ్గర దీనికి పదింతలు ఉంటుంది, వాడూ లెక్క రాసుకుంటాడు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, కోపం తెచ్చుకోకు. నీకు పాయింట్ గార్డ్ ఆడాలని ఉబలాటం ఉందని నేననుకోవడం లేదు. నువ్వు ఆరడుగుల ఒక అంగుళం, పైలెవల్లో షూటింగ్ గార్డ్‌లు, అంటే నీలా ముఖ్యంగా షాట్లు వేసే గార్డ్‌లు, ఆరున్నర అడుగుల దాకా ఉంటారు, కాబట్టి ఇంకో దారి లేక ఇటు చూస్తున్నావు. అందులో తప్పేం లేదు, సగం మంది అలాగే వస్తారు, కానీ ఆ సంగతి నీకు నువ్వు ఒప్పుకుని మొదలుపెడితే పని తేలికవుతుంది.

కర్రీ కథ మీ నాన్న చెప్పినట్టు జరగలేదు. అప్పుడు నేను షార్లెట్‌లో ఉద్యోగం చేస్తున్నాను, కర్రీ చదివిన డేవిడ్సన్ కాలేజీ అక్కడికి దగ్గరే, ఆఫీసు నుంచి అటే వెళ్లి మ్యాచ్‌లు చూసేవాణ్ణి. 2007-08లో ఆ టీమ్‌లో బాల్ ఉండేది జేసన్ రిచర్డ్స్ చేతిలో, మ్యాచ్‌కి 8.1 అసిస్టులతో (బాస్కెట్ పడేలా ఇచ్చే పాస్‌లు) దేశం మొత్తంలో వాడే ఫస్టు. కర్రీ స్క్రీన్ల చుట్టూ, అంటే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డ తన టీమ్‌వాళ్ల చుట్టూ, పరిగెత్తి, పాస్ అందుకుని వేసేవాడు. ఆ ఏడాది 162 త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేసి దేశంలో కాలేజీ ఆట రికార్డు కొట్టాడు, కాన్సస్ మీద రెండు పాయింట్లతో ఓడకపోయి ఉంటే కాలేజీ టోర్నమెంట్ సెమీస్‌కి, అంటే ఫైనల్ ఫోర్‌కి వెళ్లేవాళ్లు. అంటే అప్పటికి వాడు కూడా నీలాంటి షూటరే. రిచర్డ్స్ చదువైపోయి వెళ్లిపోయాక, మూడో ఏడు బాల్ కర్రీకి ఇచ్చారు. అసిస్టులు 2.9 నుంచి 5.6కి వెళ్లాయి, స్కోరింగ్‌లోనూ మ్యాచ్‌కి 28.6 పాయింట్లతో దేశంలో మొదటివాడు. ఆ ఒక్క సీజన్‌లో వాడు పోగొట్టిన బాల్స్ కూడా తక్కువేం కాదు, కానీ పోగొట్టుకునే అవకాశం ఇచ్చిన కోచ్ దొరికాడు.

అంత చేసినా 2009 డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ టీమ్‌లు వరస నంబర్ల ప్రకారం కొత్తవాళ్లని ఎంచుకునే చోట, మిన్నెసోటా వాళ్లు ఐదో నంబర్‌లో రుబియోని, ఆరో నంబర్‌లో జానీ ఫ్లిన్‌ని తీసుకున్నారు. వరసగా ఇద్దరు పాయింట్ గార్డ్‌లు! కర్రీ ఏడో నంబర్‌లో గోల్డెన్ స్టేట్‌కి వెళ్లాడు. అక్కడ మాంటా ఎల్లిస్ ఉన్నాడు, బాల్ పంచుకోవాలి, పైగా చీలమండ దెబ్బలు. 2012 మార్చిలో ఎల్లిస్‌ని పంపించేశాక గానీ టీమ్ పూర్తిగా కర్రీ చేతికి రాలేదు. మీ నాన్నకి ఈ లెక్క చెప్పు. కాలేజీలో ఒక ఏడాది, ఆ తర్వాత ఇంకో మూడేళ్లు, అదీ కర్రీకి.

ఒక మ్యాచ్ మాత్రం నీకు చెప్పి తీరాలి. 2008 నవంబర్, లొయోలా అనే టీమ్ వచ్చింది. వాళ్ల కోచ్ మొదటి నిమిషం నుంచీ కర్రీ మీద ఇద్దర్ని పెట్టాడు, బాల్ ఉన్నా లేకపోయినా ఇద్దరే. నేనైతే తిట్టుకున్నాను, టికెట్ డబ్బులు దండగ అని. కర్రీ ఏం చేశాడో తెలుసా, వెళ్లి కార్నర్‌లో నిలబడ్డాడు. వాడితోపాటు ఆ ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, మిగతా కోర్టులో నలుగురికి ముగ్గురే అడ్డు. డేవిడ్సన్ 78-48తో గెలిచింది, కర్రీ వేసింది మూడు షాట్లు, పాయింట్లు సున్నా. దేశంలో అందరికంటే ఎక్కువ స్కోర్ చేసేవాడు సున్నాతో ఇంటికెళ్లాడు, మొహంలో ఏ బాధా లేదు. నువ్వు సున్నా కొట్టిన రోజు మీ టీమ్ 30 పాయింట్లతో గెలిస్తే, ఆ రాత్రి నీకు హాయిగా నిద్రపడుతుందా? నాకు జవాబు చెప్పక్కర్లేదు.

ఫ్రెడెట్ విషయానికొస్తే, మీ అన్నయ్య చెప్పింది పైపైన నిజం. 2010-11లో కాలేజీలో మ్యాచ్‌కి 28.9 పాయింట్లతో దేశంలో ఫస్టు, డ్రాఫ్ట్‌లో పదో నంబర్, శాక్రమెంటోకి వెళ్లి నిలదొక్కుకోలేకపోయాడు. కానీ అసలు కథ అదే టీమ్‌లో అదే ఏడు జరిగింది. ఆ డ్రాఫ్ట్‌లో చిట్టచివరి నంబర్, 60, ఐజయ్యా థామస్, ఐదడుగుల తొమ్మిదంగుళాలు. వాడు అదే సీజన్‌లో పాయింట్ గార్డ్ స్థానం తీసేసుకున్నాడు. షూటింగ్ పోటీ పెడితే ఫ్రెడెట్‌దే పైచేయి. కానీ థామస్ తన మనిషిని దాటి లోపలికి వెళ్లగలడు, వెళ్లాక పాస్ ఇవ్వగలడు. ఫ్రెడెట్‌కి కాలేజీలో ఒక అడుగు ఖాళీ దొరికే చోట, ఇక్కడ అరడుగు కూడా దొరకలేదు, రెండోవైపు డిఫెన్స్‌లో ఎవరినీ ఆపలేకపోయాడు. ఫ్రెడెట్ వెనకాలే 11వ నంబర్‌లో వెళ్లింది క్లే థాంప్సన్, వాడిని ఎవరూ పాయింట్ గార్డ్ అవమనలేదు, వాడూ అనుకోలేదు, షూటర్‌గానే ఎంత పెద్దవాడయ్యాడో నీకు తెలుసు. (వాడు ఆరడుగుల ఆరంగుళాలు అంటావు. సరే, ఒప్పుకున్నా.)

నా సంగతి మీ అమ్మ ఎప్పుడైనా చెప్పిందో లేదో. 1986లో మా ఇంటర్ కాలేజీ ఫైనల్. మా పాయింట్ గార్డ్‌కి టైఫాయిడ్, కోచ్ పొద్దున్న వచ్చి నువ్వు బాగా వేస్తావు కదా, బాల్ కూడా నువ్వే తీసుకురా అన్నాడు. ఏడాదంతా ప్రాక్టీసులో ఒక్కసారి కూడా నాచేత ఆ పని చేయించలేదు. అవతలివాళ్లు సగం గీత దగ్గర ఇద్దరు కాపు కాశారు. తల దించి డ్రిబుల్ చేస్తున్నా, నాకు కనిపించింది సిమెంటు కోర్టు మీద పగిలిన ఒక గీత, నా బూటు, వాళ్ల నాలుగు మోకాళ్లు. మా వాళ్లు ఎక్కడున్నారో తెలియదు. పది సెకన్లలో బాల్ సగం గీత దాటలేదని రిఫరీ రెండుసార్లు ఈల వేశాడు. హాఫ్ టైమ్‌కి తొమ్మిది బాల్స్ పోగొట్టాను. విచిత్రం ఏమిటంటే ఆ రోజు నా షాట్ కూడా పడలేదు, బాల్ తెచ్చేసరికే చేతులు లాగేసేవి. షూటింగ్ బాగుంటే చాలు, మిగతాది దానంతటదే వస్తుందనేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

అదీగాక నీ కాలేజీ రూల్స్ కంటే పై లీగుల్లో టైమ్ తక్కువ. నీకిప్పుడు సగం గీత దాటడానికి 10 సెకన్లు, షాట్‌కి 30. ఎన్‌బీఏలో అయినా యూరప్‌లో అయినా 8, 24. ఏడో సెకన్లో గీత దాటితే మిగిలింది 17, నువ్వు ప్లే చెప్పేసరికి 14, అప్పుడు మొదటి స్క్రీన్ వస్తుంది.

ఆ స్క్రీన్ దగ్గరే నీ భవిష్యత్తు తేలుతుంది. నువ్వు స్క్రీన్ చుట్టూ తిరిగేసరికి వాళ్ల పొడుగువాడు వెనక్కి తగ్గితే నీ పండగ, షాట్ వెయ్యి, అది నీకెవరూ నేర్పక్కర్లేదు. కానీ నువ్వు రెండు వేశాక వాడు తగ్గడు, ముందుకొచ్చి మీద పడతాడు. అప్పుడు మీ పొడుగువాడు రింగ్ వైపు జారుతుంటాడు, వాడికి ఇద్దరి మధ్యలోంచి, ఎడమ చేత్తో, నేలకి కొట్టి బాల్ అందించాలి. వాడిని ఆపడానికి కార్నర్‌లోంచి ఒకడు లోపలికి అడుగేస్తే పాస్ అక్కడికి వెళ్లాలి. ఇదంతా ఒక డ్రిబుల్ పట్టేంత టైమ్‌లో. మీ తాతయ్య పెళ్లిళ్లలో పంక్తి నడిపించడం నువ్వు చూడలేదు. ఒక్క బకెట్టు కూడా పట్టుకునేవాడు కాదు, మధ్యలో నడుస్తూ ఉండేవాడు, చివరి ఆకులో పప్పు అయిపోతుందనగానే మనిషి నోరు తెరవకముందే బకెట్టు అక్కడికి చేరేది. మనం షూటర్లం మన ఆకులో గారె పడిందా లేదా అని చూసుకునే రకం.

చేయాల్సినవి చెబుతాను. రోజూ వేసే 500 షాట్లలో 200 తగ్గించు, ఆ టైమ్ ఎడమ చేతికివ్వు. ఒంటరిగా కోన్ల మధ్య కాదు, ఇద్దరు ఫ్రెండ్స్‌ని బతిమాలి మీద పడమను, చేతులు కొట్టమను, బాల్ పోతుంది, పోనీ. ప్రతి మ్యాచ్ తర్వాత పోగొట్టిన బాల్స్ నోట్‌బుక్‌లో రాయి, ఒక్కోదాని పక్కన కారణం రాయి. పాస్ ఆలస్యమైతే అది కంటి తప్పు, బాల్ లాగేసుకుంటే చేతి తప్పు. చేతి తప్పులు ఆరునెలల్లో తగ్గుతాయి. కంటి తప్పులు తగ్గుతున్నాయా లేదా అన్నదే నాక్కావాలి. ఇంకా, నోరు తెరువు. నువ్వు ఫోన్‌లో కూడా మూడు మాటలు మాట్లాడవు, కోర్టులో నలుగురికి గట్టిగా చెప్పలేనివాడికి ఏ కోచూ బాల్ ఇవ్వడు. డిఫెన్స్ గురించి విడిగా చెప్పను, ఫ్రెడెట్ సంగతి పైన చెప్పాను.

నా అంచనా అడిగావు కాబట్టి చెబుతున్నా. పూర్తి పాయింట్ గార్డ్ అవుతావని నాకు నమ్మకం తక్కువ, పదిలో మూడు పాళ్లు. కానీ రెండో బాల్ హ్యాండ్లర్‌గా, అసలు పాయింట్ గార్డ్ బెంచీ మీద ఉన్న పది నిమిషాలు నెట్టుకొచ్చే షూటర్‌గా, యూరప్‌లో చిన్న లీగుల్లో జీతం వచ్చేలా, ఇది పదిలో ఆరు. జేజే రెడిక్ అనే షూటర్ ఎన్‌బీఏలో 15 సీజన్లు ఆడాడు, పాయింట్ గార్డ్ అవకుండానే. మొదట్లో బెంచీ మీదే కూర్చున్నాడు, ఆ తర్వాత స్క్రీన్ల చుట్టూ పరిగెత్తడమే వృత్తి చేసుకున్నాడు. కర్రీని కూడా ఇప్పుడు జాగ్రత్తగా చూడు, ఇద్దరు మీద పడగానే బాల్ తన టీమ్‌లోని డ్రేమండ్ గ్రీన్‌కి ఇచ్చేసి తను పరిగెడతాడు, ఆ తర్వాత పాస్ ఇచ్చేది గ్రీన్. పేరు పాయింట్ గార్డ్, పని ఇద్దరిదీ.

ఈ శుక్రవారం లోపు మీ కోచ్‌ని కలువు. పాయింట్ గార్డ్‌ని చేయమని అడగకు, ఎవరైనా తప్పించుకుంటారు. ప్రాక్టీసులో రెండో టీమ్‌కి బాల్ నన్ను తేనివ్వండి, మా మెయిన్ గార్డ్ నా మీద డిఫెన్స్ చేస్తాడు అని అడుగు. ఒప్పుకుంటే మొదటి రెండు వారాల వీడియో నాకు పంపు, హైలైట్స్ వద్దు, మొత్తం పంపు. నోట్‌బుక్ ఫోటో కూడా. మీ అన్నయ్యకి చూపించకు, వాడు దాంతో మళ్లీ పంచాయితీ పెడతాడు.

మీ అమ్మని అడిగానని చెప్పు. డిసెంబర్‌లో వస్తున్నాను, నా మోకాలు సహకరిస్తే నీ మీద పడే ఇద్దరిలో ఒకణ్ణి నేనే.

మామయ్య