'ఇన్‌స్టాల్ కావాలి' అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: నేను ఆరు నెలలుగా టెస్టర్‌గా పనిచేస్తున్నాను. మా విండోస్ అప్లికేషన్ ఇన్‌స్టలేషన్‌కు నలభై టెస్ట్ కేసులు రాసి ఇస్తే, ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ (రావలసిన ఫలితం) స్పష్టంగా లేదంటూ మా లీడ్ సగం వెనక్కి పంపారు. వాటిలో చాలావరకు 'అప్లికేషన్ విజయవంతంగా ఇన్‌స్టాల్ కావాలి' అనే రాశాను. ఇంతకంటే ఏం రాయాలి? సవరణ ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ వాక్యం తప్పు కాదు గానీ, దాన్ని బట్టి పాస్ అనో ఫెయిల్ అనో తేల్చడం కుదరదు. చివరి తెరపై 'ఫినిష్' బటన్ కనిపించగానే ఒకరు పాస్ అంటారు. స్టార్ట్ మెనూలోని షార్ట్‌కట్ నొక్కినా అప్లికేషన్ తెరుచుకోలేదు కాబట్టి మరొకరు ఫెయిల్ అంటారు. ఇద్దరూ ఒకే మాట చెప్పాలంటే, ఇన్‌స్టలేషన్ తరువాత కంప్యూటర్‌లో ఎక్కడ ఏం ఉండాలో, ఏం ఉండకూడదో మీరు రాయాలి.

మీ కేసుల్లో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది: 'డిస్క్‌లో చోటు లేనప్పుడు ఇన్‌స్టాల్ చేయాలి, ఎర్రర్ రావాలి.' మీ అప్లికేషన్‌కు 500 ఎంబీ కావాలనుకుందాం. అప్పుడు సరిగ్గా 500 ఎంబీ ఖాళీ ఉన్నప్పుడు ఒక కేసు, 499 ఎంబీ ఉన్నప్పుడు మరొకటి, ఫైళ్లు కాపీ అవుతుండగా డిస్క్ నిండిపోతే ఇంకొకటి రాయాలి. రెండో కేసు ఫలితం ఇలా ఉండవచ్చు: 'ఒక్క ఫైలు కూడా కాపీ కాకముందే, ఎంత చోటు కావాలో, ఎంత ఉందో చెప్పే సందేశం రావాలి; క్యాన్సిల్ నొక్కాక ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఫోల్డర్ గానీ, ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాలో పేరు గానీ ఉండకూడదు.' మూడో కేసులో రోల్‌బ్యాక్ (చేసిన మార్పులను వెనక్కి తీసుకోవడం) జరిగి, కాపీ అయిన ఫైళ్లన్నీ తొలగిపోయాయో లేదో చూడాలి. డి డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేస్తున్నా తాత్కాలిక ఫైళ్లు సాధారణంగా సి డ్రైవ్‌లోనే విప్పబడతాయి కనుక, సి నిండి ఉన్న కేసు కూడా విడిగా రాయండి.

ఫలితం కన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ప్రీకండిషన్, అంటే టెస్ట్ మొదలుపెట్టే ముందు కంప్యూటర్ ఉండాల్సిన స్థితి. ఒకప్పుడు మా బృందంలో అందరి దగ్గరా ఇన్‌స్టలేషన్ చక్కగా జరిగింది. వినియోగదారుడి కొత్త కంప్యూటర్‌లో మాత్రం ఒక డీఎల్‌ఎల్ (అప్లికేషన్ వాడుకునే కోడ్ ఫైలు) దొరకలేదంటూ అప్లికేషన్ తెరుచుకోలేదు. మా మెషీన్లన్నింటిలో ప్రోగ్రామ్‌లు రాసే విజువల్ స్టూడియో ఉండటంతో, ఆ డీఎల్‌ఎల్ ఉండే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ అక్కడ ముందే ఉంది. మేము పాస్ అని రాసినవన్నీ ఆ రన్‌టైమ్ పుణ్యమేనని అప్పుడు తెలిసింది. అందుకే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) ఆపరేటింగ్ సిస్టమ్ తప్ప మరేమీ లేని స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరచి పెట్టుకుని, ప్రతి కేసుకూ ముందు దానికి తిరిగి వెళ్లండి. ఏ స్నాప్‌షాట్, అడ్మిన్ ఖాతానా సాధారణ ఖాతానా, పాత వెర్షన్ ఉందా అన్నవి కేసులోనే రాయండి.

మీ ఇన్‌స్టాలర్ ఎంఎస్‌ఐ (విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ) అయితే, తెరపై ఏమీ చూపకుండా జరిగే సైలెంట్ ఇన్‌స్టలేషన్‌కు పని ముగిశాక అది ఇచ్చే సంఖ్య, అంటే ఎగ్జిట్ కోడే సాక్ష్యం. 0 వస్తే విజయం. 3010 కూడా విజయమే, కాకపోతే రీస్టార్ట్ అవసరం. దాన్ని ఫెయిల్ అని నమోదు చేసేవారిని చాలామందిని చూశాను. 1618 అంటే మరో ఇన్‌స్టలేషన్ నడుస్తోందని, 1603 అంటే ఇన్‌స్టలేషన్ విఫలమైందని అర్థం.

అప్‌గ్రేడ్ కేసుల్లో పాత వెర్షన్‌లో ఏదైనా ఒక సెట్టింగ్ మార్చి, అది కొత్త వెర్షన్‌లో నిలిచిందో లేదో చూడమని రాయండి. పేరులో తెలుగు అక్షరాలున్న యూజర్ ఖాతాతో కూడా ఒకసారి ప్రయత్నించండి.

సవరించేటప్పుడు పాత కేసు నంబరును మరో కేసుకు ఇవ్వకండి. పాత ఫలితాల నివేదికలు గందరగోళమవుతాయి. మొదలుపెట్టడానికి, తిరిగివచ్చిన ఇరవైలో ఒకదాన్ని మీ అప్లికేషన్ ఎరుగని సహోద్యోగికి ఇచ్చి, పక్కనే మౌనంగా కూర్చోండి. ఆయన ఎక్కడ ఆగి మిమ్మల్ని ప్రశ్న అడుగుతారో, అక్కడ ఆ జవాబునే కేసులో చేర్చండి.