చుక్క గుర్తు కింద ఏం రాసుంది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఫోన్‌లో ప్రకటన చూసి ‘పలాస జంబో జీడిపప్పు’ అరకిలో తెప్పించాను. పప్పు మామూలు సైజే, ధర మాత్రం జంబో. దీని మీద ఫిర్యాదు చెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: చెయ్యొచ్చు గానీ నెగ్గడం కష్టం. ‘జంబో’ అన్న మాట ఏ కొలతా చెప్పదు. అందుకే దాన్ని వాడతారు. జీడిపప్పు వ్యాపారంలో కొలతంటే గ్రేడు నంబరే. డబ్ల్యూ-320 అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుళ్లు తూగాలి. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది. బద్దలు, ముక్కలు ఏరేసి 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. 37–40 వస్తే 180 గ్రేడు, 48–53 వస్తే 240, 66–71 వస్తే 320. ఇకమీదట కొనేముందు గ్రేడెంతో వాట్సాప్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి. 240 అని రాసి 320 పంపితే, ఆ తేడాను ఎవరికైనా తూచి చూపించొచ్చు.

‘పలాస’ అన్న మాట సంగతీ అంతే. అక్కడ ఒలిచిన పప్పు అంటే ఉద్దానం తోటల్లో కాసిందని అర్థం కాదు. ఆఫ్రికా దేశాల గింజ కూడా అక్కడి ఫ్యాక్టరీలకు వస్తుంది.

ప్రశ్న: ‘99.9 శాతం క్రిములను చంపుతుంది’ అని సబ్బుల ప్రకటనల్లో చెబుతారు. అది నిజమేనా? కాకపోతే ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటోంది?
– బొబ్బిలి నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఆ అంకె పక్కన చిన్న చుక్క గుర్తు ఉంటుంది. కింద ‘ప్రయోగశాల పరిస్థితుల్లో, ఎంపిక చేసిన సూక్ష్మజీవులపై’ అని రాసుంటుంది. అంటే వాళ్లు ఎంచుకున్న బ్యాక్టీరియాను, వాళ్లు పెట్టుకున్న సమయంపాటు సబ్బు నీళ్లలో ఉంచి లెక్కగట్టారన్నమాట. పరీక్ష జరిగిన మాట నిజమే. మట్టీ జిడ్డూ ఉన్న మీ చేతుల మీద, పది సెకన్లలో కడిగేసుకునే నీళ్ల కింద మాత్రం జరగలేదు. సబ్బు కొనేటప్పుడు ఆ అంకె వదిలేసి రేపర్ వెనక టీఎఫ్‌ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) ఎంతో చూడండి. స్నానపు సబ్బుల్లో 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు.

నిజమైన చిన్న సంగతి చెప్పి పెద్దది అనుకునేలా చేయడమే ఈ విద్య. ‘రెండింతలు తెల్లన’ అంటారు. దేనికంటే? ఒక్కోసారి ఉత్త నీళ్లతో ఉతికిన బట్టకంటే. ‘50 శాతం వరకు తగ్గింపు’లో బరువంతా ‘వరకు’ మీదే. ‘కొలెస్టరాల్ లేని వేరుశనగ నూనె’ అంటారు. మొక్కల నుంచి తీసే ఏ నూనెలో ఉంటుంది గనక? ‘ఇంత రుచి ఎక్కడా లేదు’ లాంటివి చట్టం దృష్టిలో గొప్పలు చెప్పుకోవడం మాత్రమే.

ప్రభుత్వం పూర్తిగా ఊరుకుందని అనలేం. ‘ప్రపంచవ్యాప్తంగా దంతవైద్యుల సిఫారసు’ అన్న సెన్సోడైన్ ప్రకటన మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ విచారణ జరిపింది. కంపెనీ చూపిన సర్వేలు మన దేశంలోని దంతవైద్యులతో చేసినవేనని తేలింది. 2022లో రూ.10 లక్షల జరిమానా పడింది. మొదటి తప్పుకు ఆ సంస్థ వేయగల గరిష్ఠ జరిమానా అదే. మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు. ప్రకటనలకు కోట్లు పోసేవాడికి ఇది ఖర్చుల్లో కలిసిపోయే మొత్తం. ఇక 1985లో పుట్టిన ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) ఆ రంగం వాళ్లు తమకు తాము పెట్టుకున్నది. అది తప్పని తేల్చేసరికి పండగ సీజనూ, ఆ ప్రకటనా రెండూ అయిపోతుంటాయి.

ఒక నిబంధన మాత్రం మన చేతికి ఆయుధమే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్ మార్గదర్శకాల ప్రకారం చుక్క గుర్తు కింద రాసే షరతు కూడా ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే అక్షరాల్లో, స్పష్టంగా కనిపించేలా ఉండాలి. తెలుగు ప్రకటన అడుగున చీమ తలకాయంత ఇంగ్లిష్ వాక్యం ఉంటే, ఫిర్యాదుకు అదొక్కటి చాలు.

ప్రశ్న: మా గుంటడిని పోటీ పరీక్షల కోచింగ్‌లో వేద్దామని విజయనగరం వెళ్లాం. ఒకే అమ్మాయి ఫొటో రెండు సంస్థల ఫ్లెక్సీల మీద ఉంది. రెండూ నిజమెలా అవుతాయి?
– ఒక తండ్రి, రాజాం

జవాబు: అవుతాయి. ఒకచోట ఏడాది చదివి, ఇంకోచోట నమూనా ఇంటర్వ్యూకో టెస్ట్ సిరీస్‌కో వెళ్లి ఉండొచ్చు, అదీ ఉచితంగా. సివిల్స్ కోచింగ్ సంస్థలకు పడిన జరిమానాల్లో చాలావాటి కథ ఇదే. ప్రిలిమ్స్, మెయిన్స్ సొంతంగా గట్టెక్కి ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వచ్చినవాళ్లను కూడా తమ విద్యార్థులుగా చూపించారు.

2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు విడిగా మార్గదర్శకాలొచ్చాయి. ఫొటో వేయాలంటే ఎంపికయ్యాక ఆ అభ్యర్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ర్యాంకుతోపాటు ఏ కోర్సు, ఎంతకాలం, ఫీజు కట్టారా లేదా అన్నదీ వేయాలి. ఉద్యోగం గ్యారంటీ అనకూడదు. కాబట్టి ఆఫీసులో రెండు ప్రశ్నలు అడగండి: ఈ అమ్మాయి ఇక్కడ తీసుకున్న కోర్సేమిటి? ఆ ఏడాది ఆ కోర్సులో మొత్తం ఎంతమంది చేరారు? 40 ఫొటోలు 60 మందిలోంచి వచ్చాయా, 4,000 మందిలోంచా అన్నది ఏ ఫ్లెక్సీ చెప్పదు. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి.

ప్రశ్న: ‘30 రోజుల్లో క్రియాటినిన్ మామూలు స్థాయికి, డయాలసిస్ అక్కర్లేదు’ అని ఒక పొడి వీడియో వస్తోంది. అందులో రిపోర్టులూ చూపిస్తున్నారు. మా బావగారు వాడతానంటున్నారు.
– కంచిలి

జవాబు: డయాలసిస్ ఆపనివ్వకండి. చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పకుండా ఆ పొడి వాడనివ్వకండి. రిపోర్టులు దొంగవి కాకపోయినా నమ్మాల్సిన పనిలేదు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టే వ్యర్థం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పెరిగిన క్రియాటినిన్ నీరు అందితే దిగుతుంది. మనిషి చిక్కి కండ కరిగినా తగ్గుతుంది. కిడ్నీ బాగుపడిందని దాని అర్థం కాదు.

ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంటే చట్టరీత్యా అది ఆహారం. జబ్బు నయం చేస్తుందని చెప్పే హక్కు దానికి లేదు. అందుకే ప్యాకెట్ మీద ఏమీ రాయకుండా, వీడియోలో ‘నయమైన’ మనిషి చేత చెప్పిస్తారు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, ఏ మందుతోనూ నయమవుతాయని ప్రకటించకూడని జబ్బుల జాబితా ఉంది. కిడ్నీ వాపు, కిడ్నీ రాళ్లు అందులో ఉన్నాయి. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. వీడియో లింకు, స్క్రీన్‌షాట్, ప్యాకెట్ ఫొటోతో జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న: ‘రెండేళ్ల వారంటీ’ అంటే మిక్సీ కొన్నాను. జార్ పోతే ‘వారంటీ మోటారుకే’ అంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి?
– శ్రీకాకుళం, గుజరాతీపేట

జవాబు: ముందు ప్రకటనను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. మీరు అడిగిన మర్నాడే పేజీ మారిపోవచ్చు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వాళ్లు కంపెనీతో మాట్లాడి రాజీకి చూస్తారు, ఆదేశించే అధికారం లేదు. అయినా చిన్న మొత్తాలు ఇక్కడే తెగుతుంటాయి.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడున్నా మీరుంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. రెండేళ్ల గడువు దాటనివ్వకండి. ప్రకటననే ఆపించాలంటే ఫిర్యాదు జిల్లా కలెక్టరుకు కూడా ఇవ్వొచ్చు, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. అయితే ఆ దారిలో ప్రకటన ఆగుతుంది, జరిమానా పడుతుంది. మీ డబ్బు తిరిగి రావాలంటే కమిషన్‌కే వెళ్లాలి. బిల్లు, వారంటీ కార్డు నకళ్లే జతచేసి అసలువి దగ్గరుంచుకోండి. సర్వీస్ సెంటర్ వాళ్లు అడిగినా వారంటీ కార్డు వదిలిరాకండి.