నూట ఎనిమిది కాకులు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాకుల బొమ్మలు చూశాను. గొడుగు పట్టుకున్న కాకి కంటే, డాబా మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలకు కాపలా కూర్చుని వాటిని తానే ఒక్కొక్కటిగా తినేస్తున్న కాకి నాకు ఎంతో నచ్చింది. ఇటువంటివి పదివేలు తయారుచేసి ఎన్‌ఎఫ్‌టీలుగా, అంటే ఏ బొమ్మ టోకెన్ ఎవరి దగ్గర ఉందో బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ ఖాతాపుస్తకంలో నమోదయ్యేలా, అమ్మకానికి పెడతానన్నావు. నా అభ్యంతరమల్లా ఆ సంఖ్య దగ్గరే.

పదివేలు అన్న లెక్క 2017లో వచ్చిన క్రిప్టోపంక్స్ అనే ముఖాల బొమ్మల ఎన్‌ఎఫ్‌టీ వరుసతో అందరికీ అలవాటయింది. ఆ ముఖాలను ఎవరూ ఒక్కొక్కటిగా గీయలేదు. జుట్టు, టోపీ, కళ్లజోడు వంటి భాగాలను ప్రోగ్రామ్ రకరకాలుగా కలిపింది. నువ్వు కూడా పది నేపథ్యాలు, పది శరీరాలు, పది జతల కళ్లు, పది టోపీలు గీస్తే గుణకారంలో పదివేలు వస్తాయి. కాని అందులో నీ చెయ్యి పనిచేసింది నలభై సార్లే. నీ బొమ్మల్లోని సరదా అంతా ఒక్కో కాకి ఒక్కో దొంగపనిలో దొరికిపోవడంలో ఉంది కనుక, టోపీ మార్చినంత మాత్రాన కొత్త కాకి పుట్టదు. నూట ఎనిమిదితో ఆగు. రోజుకు రెండు చొప్పున గీసినా రెండు నెలల్లోపే పూర్తవుతాయి, విసుగుతో గీసిన కాకిని పక్కన పెట్టేసే తీరికా ఉంటుంది. కాగితం మీద ఇంకుతో గీసేవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయి; కాగితపు గరుకును, గీతలోని వణుకును శుభ్రం పేరుతో తుడిచేయకు. జనం డబ్బిచ్చి కొనేది ఆ వణుకునే.

బ్లాక్‌చెయిన్‌లో సాధారణంగా బొమ్మ ఉండదు, బొమ్మ ఉన్న చోటికి చిరునామా మాత్రమే ఉంటుంది. 2021లో నేను అమ్మిన పన్నెండు బొమ్మల ఫైళ్లను ఒక అద్దె సర్వరులో పెట్టాను; మరుసటి ఏడాది ఆ సంస్థ మూతపడటంతో, నన్ను నమ్మి కొన్నవారికి ఖాళీ చట్రం మిగిలింది. ప్రతి ఒక్కరికీ క్షమాపణ రాసి బొమ్మను మళ్లీ పంపాను గాని, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. నువ్వు ఒకే సర్వరు మీద ఆధారపడకుండా అనేక కంప్యూటర్లు కలిసి ఫైళ్లు అందించే ఐపీఎఫ్‌ఎస్ అనే వ్యవస్థలో పెట్టి, కనీసం రెండు వేర్వేరు సేవల దగ్గర పిన్ చేయించు, అంటే తొలగించకుండా అట్టేపెట్టించు. పిన్ చేసి ఉంచేవారు లేకపోతే అక్కడ కూడా ఫైలు నిలుస్తుందన్న భరోసా లేదు.

కొన్నవారికి ఏమి దక్కుతుందో తేట తెలుగులో ముందే రాసిపెట్టు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, నువ్వు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప బొమ్మ మీద హక్కులు నీవే. కొన్నవారు దానిని చొక్కా మీద అచ్చువేసుకోవచ్చా, అమ్ముకోవచ్చా అన్నది నువ్వే తేల్చి చెప్పాలి. ధర పెరుగుతుందని మాత్రం ఒక్క మాట కూడా అనకు. పిల్లల పుట్టినరోజుకు కానుకగా కొనగలిగే ధర పెట్టు.

మారు అమ్మకాల రాయల్టీని, అంటే కొన్నవారు తిరిగి అమ్మినప్పుడు నీకు వచ్చే వాటాను, ఆదాయంగా లెక్కవేసుకోకు. ఓపెన్‌సీ వంటి పెద్ద ఎన్‌ఎఫ్‌టీ అంగడే 2023 ఆగస్టు చివరినుంచి దానిని కొనేవారి, అమ్మేవారి ఇష్టానికి వదిలేసింది. పన్ను సంగతి అంతకన్నా ముఖ్యం. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇటువంటి డిజిటల్ ఆస్తుల బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను ఉంది, కొన్న ధర తప్ప ఇతర ఖర్చులకు మినహాయింపు లేదు. అదే ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్, అంటే చెల్లింపులోనే ముందుగా కోసుకునే పన్ను, కూడా వచ్చింది. సొంతంగా గీసి మొదటిసారి అమ్మేవారు ఆ ఆదాయాన్ని ఎలా చూపాలో ఆడిటరును ముందే అడుగు. నీ టోకెన్లు ఉండే డిజిటల్ వాలెట్‌ను తెరిచే రహస్య పదాలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టు, ఫోనులో ఫొటో తీసుకోకు.

మొదటి పన్నెండు కాకులు పూర్తికాగానే మీ అమ్మకు చూపించు. వడియాలు పోగొట్టుకున్న మనిషి కనుక అక్కయ్యకు కాకుల సంగతి మనిద్దరికంటే బాగా తెలుసు. ఏ కాకిని చూసి ఆమె నవ్వలేదో దానిని మళ్లీ గీయి.

ఇట్లు,
మామయ్య