పెళ్లి ఫోటోల్లో నల్ల చారలు: కెమెరా మార్చక్కర్లేదు

తమ్ముడూ, గుంటూరు కల్యాణ మండపంలో తీసిన ఫోటోల్లో అడ్డంగా చారలొచ్చాయని, సెన్సర్ (కెమెరాలో బొమ్మని పట్టే చిప్పు) పోయిందేమోనని కంగారుపడుతున్నావు. సెన్సర్‌కేం కాలేదు. సైలెంట్ మోడ్‌లో తీశానని నువ్వే రాశావు, కారణం అదే.

మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ లైట్లు దానివల్ల సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి, కంటికి తెలియదు. సైలెంట్ మోడ్‌లో పనిచేసేది ఎలక్ట్రానిక్ షట్టర్, అందులో సెన్సర్ బొమ్మని వరసలు వరసలుగా చదువుతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరసలు నల్లబడతాయి. పురోహితుడి తెల్ల పంచె మీద చూడు, స్పష్టంగా కనిపిస్తాయి.

మెకానికల్ షట్టర్‌కి (చప్పుడు చేసే మామూలు షట్టర్) మార్చి షట్టర్ స్పీడు 1/100 సెకను పెట్టు. మెనూలో యాంటీ ఫ్లికర్ (మిణుకుని గమనించి వెలుగు ఎక్కువున్న క్షణంలోనే ఫోటో తీసే సదుపాయం) ఉంటే ఆన్ చెయ్యి. తలంబ్రాలు పోసేటప్పుడు 1/100కి చేతులు మసకబారతాయి. అక్కడ యాంటీ ఫ్లికర్ ఉంచుకునే 1/200కి వెళ్లు. స్టేజీ వెనక ఎల్ఈడీ తెర ఉంటే మాత్రం దాని లెక్క వేరు. స్పీడు కొద్దికొద్దిగా మారుస్తూ టెస్ట్ షాట్లు తీసుకో, చారలు పోయిన చోట ఆగు.

కొత్త కెమెరా బాడీ కొనాలా అన్నావు. వద్దు. నీది ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కాబట్టి 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తీసుకో, ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుగు వస్తుంది. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఇచ్చే వెలుగుకి ఇది 9 రెట్లకు పైనే ఇస్తుంది, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 6400 అడిగిన చోట 800 చాలు. కొనేముందు ఒక ముహూర్తానికి అద్దెకు తెచ్చి చూడు.