ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి

ప్రశ్న: బుట్టలు అల్లేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, చెక్క బొమ్మలు చెక్కేవాళ్లు కలిపి నలభై మందికి ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం నేర్పాలని మా స్నేహితులం రెండు రోజుల వర్క్‌షాప్ పెడుతున్నాం. ప్రొజెక్టర్ దొరికింది, స్లైడ్లు సిద్ధం. ఇంకేం చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ నలభైని పన్నెండు చేయండి. మిగతావాళ్లకు తర్వాత మళ్లీ పెట్టొచ్చు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఫోన్‌లోకి తొంగి చూడకపోతే ఈ పని కాదు. ప్రొజెక్టర్ అంటారా, ఎవరికైనా అరువిచ్చేయండి.

నా మొదటి వర్క్‌షాప్ సంగతి చెబుతాను. టైమ్ చాలదన్న టెన్షన్‌లో అందరి ఖాతాలూ నేనే, నా ల్యాప్‌టాప్‌లో, నా నంబరుతో తెరిచేశాను. సాయంత్రానికి అందరికీ దుకాణాలు వచ్చేశాయి, చప్పట్లు కొట్టాం, గ్రూప్ ఫొటో దిగాం. మర్నాటి నుంచి వాళ్లలో ఎవరు లాగిన్ అవబోయినా ఓటీపీ నా ఫోన్‌కే! నేను బస్సులో నిద్రపోతే వాళ్ల దుకాణం మూతపడినట్టే. నెల తిరక్కుండానే దాదాపు అందరూ వదిలేశారు. అందుకే సొంత ఫోన్, సొంత నంబరు, సొంత వేలు. ఎంత ఆలస్యమైనా సరే, మీరు మాత్రం లాక్కుని నొక్కకండి.

రెండు రోజులు వరసగా కూడా వద్దు. వారానికో పూట చొప్పున నాలుగు పూటలు పెట్టండి. మధ్యలో ఇంట్లో ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయారో వచ్చి చెబుతారు. తర్వాతి పూట పాఠం అక్కడే మొదలవుతుంది.

మొదట ఫొటో. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, వెనక ఉతికిన తెల్ల దుప్పటి, ఫ్లాష్ ఆపేసి. అంతకన్నా ముందు లెన్స్ తుడవమనండి. మట్టి పిసికే చేతుల్లోని ఫోన్ కదా, తుడిస్తేనే సగం తేడా కనిపిస్తుంది. ఒకావిడ బుట్టను ఒక్కదాన్నే ఫొటో తీసి పెట్టింది. కొన్నావిడ అది బట్టలు పట్టేంత పెద్దదనుకుంది. వచ్చింది తాళంచెవులు పట్టేంత. తిప్పి పంపేసింది. అప్పటినుంచి ఆ అల్లినావిడ బుట్ట పక్కన తన చెయ్యి పెట్టి తీస్తోంది, కింద సెంటీమీటర్లలో కొలతలు రాస్తోంది.

ధర దగ్గర అసలు చిక్కు. అల్లిన గంటలకు లెక్క కట్టమంటే "ఖాళీగా కూర్చోలేక అల్లానండీ" అంటారు. కాగితం మీద రాయించండి: సరుకు, గంటలు, అట్టపెట్టె, సైటు కమిషన్, కొరియర్. కొరియర్ అసలు బరువే చూస్తుందనుకుంటారు. చాలా కంపెనీలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అసలు బరువు కన్నా అది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో కిలో కూడా తూగని బుట్ట పెడితే 7.2 కిలోల లెక్క! ఒకదాంట్లో ఒకటి ఇమిడే బుట్టల్ని సెట్‌గా అమ్మితే గాలికి డబ్బు కట్టక్కర్లేదు.

మోసాల గురించి ఒక్కటి చెప్పినా చాలు: డబ్బు మనకు రావడానికి మన పిన్ కొట్టాల్సిన పని లేదు.

ఆఖరి పూట ప్యాకింగ్. ఎవరి పార్సిల్ వాళ్లే కట్టి, నడుమెత్తు నుంచి కింద పడేయాలి. మేం మొదటిసారి పడేసినప్పుడు ఒక కుండ ముక్కలైంది. దాన్ని చేసినాయన పెట్టె విప్పి చూసి, "మూతికి గడ్డి చాల్లేదు" అని, ఇంకో కుండ తీసి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు.