సస్పెన్స్ నవలల్లో బీరువాలో దొరికిన తెల్లకాగితం వీలునామా, అంతకుముందు రిజిస్టర్ చేసిన వీలునామాను కొట్టేస్తుంది. మన చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది, ఆ కాగితం తర్వాత రాసినదై, సరిగ్గా రుజువైతే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామా రిజిస్టర్ చేయించడం రాసినవారి ఇష్టం. స్టాంపు పేపరూ అక్కర్లేదు. 1925 భారత వారసత్వ చట్టం అడిగేది సంతకం లేదా వేలిముద్ర, కనీసం ఇద్దరు సాక్షులు. ఆ సాక్షులకు లోపల ఏముందో తెలియాల్సిన పనిలేదు. రచయితలకు ఇదో వరం!

వీలునామా రాసినవారు పోయాకే అమల్లోకి వస్తుంది. బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. ఉదాహరణకు, ఒక పెద్దాయన 2010లో ఇల్లు పెద్దకొడుక్కి రాసి రిజిస్టర్ చేయించి, 2018లో అదే ఇంటిని తెల్లకాగితం మీద కూతురికి రాశాడనుకోండి. రెండోది నిలబడితే ఇల్లు కూతురిదే. నిలబెట్టడమే కష్టం. సంతకం చూసిన సాక్షుల్లో బతికున్నవారు ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. చేతులు వణికే స్థితిలో రాయించారా, లబ్ధి పొందేవారే దగ్గరుండి రాయించారా అని జడ్జి ఆరా తీస్తారు.

చాలామంది రిజిస్టర్ అయితే ఇక తిరుగులేదనుకుంటారు. రిజిస్ట్రేషన్ వల్ల అనుమానాలు కొంత తగ్గుతాయంతే. దాన్నీ కోర్టులో రుజువు చేయాల్సిందే. ఇంకో పొరపాటు, పెద్దాయన మొత్తం ఆస్తి రాసేయగలడనుకోవడం. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆయన రాయగలిగేది తన వాటా వరకే.