శిలువ గురించి పాడి మళ్లీ "ఇంకా దొరకలేదు" అంటే ఎట్లా? నాకు జరిగింది చెప్తా

మీరడిగింది యూటూ అనే ఐర్లాండ్ రాక్ బ్యాండు వాళ్ల 1987 పాట, 'ఐ స్టిల్ హావెంట్ ఫౌండ్ వాట్ ఐయామ్ లుకింగ్ ఫర్' గురించి. అందులో శిలువ ఉంది, నా సిగ్గు మోసినావనే భావం ఉంది, అంతా అయినాక నేను వెతికేది ఇంకా దొరకలేదంటాడు, మరి అందులో నాకు క్రీస్తు కనిపించడం నా ఊహేనా, పైగా మా సంఘంలో లోక పాటలు, అంటే చర్చివి కాని పాటలు, వద్దంటారు, ఇదే కదా మీ బాధ. ఊహ కాదు. శిలువ మాట పాటలోనే ఉంది, మీరు తెచ్చి పెట్టింది కాదు.

నా సంగతి చెప్తా. తొంభైల చివర్లో ఉద్యోగం కోసం చిత్తూరు నుంచి తిరుపతికి వారానికి రెండుసార్లు బస్సులో తిరిగేవాణ్ణి, ఒక ఫ్రెండ్ క్యాసెట్ ఇచ్చినాడు, పైన పెన్నుతో యూటూ అని తప్ప ఇంకేం రాయలేదు, పాటల పేర్లు లేవు, వాళ్ల ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు, డ్రమ్స్ కోసం వినేవాణ్ణి అంతే. ఒకరోజు పూతలపట్టు దగ్గర వాక్‌మన్‌లో బ్యాటరీలు అయిపోవచ్చి చివరి పాట సాగిపోయింది, ఆయన గొంతు నిద్రలో మాట్లాడినట్టు అయింది. ఆ స్లోలోనే మాటలు మొదటిసారి తెలిసినాయి. గుంట, బురద, కాళ్ల కింద బండ, కొత్త పాట. ఇది నాకు తెలుసే అనుకున్నా! సండే స్కూల్లో స్టీలు గ్లాసు ప్రైజు కోసం బైబిల్లోని 40వ కీర్తన కంఠతా పట్టినోణ్ణి నేను, "జిగటగల దొంగ ఊబి" అనే మాట పలకలేక ఎన్నిసార్లు తిట్లు తిన్నానో. ఆ పాట పేరే '40' అని, 1983లో వచ్చిన 'వార్' ఆల్బమ్‌లో ఆఖరిదని చాన్నాళ్లకు తెలిసింది. అందులో "ఎంతకాలం" అని మళ్లీ మళ్లీ అడిగేది మాత్రం 6వ కీర్తనలోది. కచేరీలు దాంతోనే ముగించేవాళ్లంట, బ్యాండు స్టేజీ దిగిపోయినా జనం పాడతానే ఉండేవాళ్లంట.

ఇంక మీ డౌటు. ఆ కీర్తన మొదట్లో మన బైబిల్లో "సహనముతో కనిపెట్టుకొంటిని" అని ఉంటాది. చిన్నప్పుడు నేను కనిపెట్టడం అంటే ఎడిసన్ బల్బు కనిపెట్టినట్టు అనుకునేవాణ్ణి, మా పాస్టరు అయ్యగారు నవ్వి, ఎదురుచూడ్డంరా నాయనా అన్నారు. చూడండి, మన తెలుగులో దొరకడానికీ, దొరికేదాకా కాసుకోనుండడానికీ ఒకటే మాట. మీ పాటలో ఆయన ఇంకా కనిపెట్టలేదు, అందుకే కనిపెట్టుకోని ఉన్నాడు, నాకట్లే వినిపిస్తాది. పౌలు కూడా బైబిల్లో ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలో నేను ఇంకా పొందేసినానని అనుకోవడం లేదు, పరిగెత్తతా ఉన్నా అంటాడు కదా, ఆయన్ని అవిశ్వాసి అనలేం కదా.

అట్లని అన్నిట్లోకీ లాక్కురాకండి. మాకు తెలిసిన యూత్ వాళ్లు క్రిస్మస్‌కి లెనార్డ్ కోహెన్ 'హల్లెలూయా' పాడేసినారు, పల్లవి చూసి మురిసిపోయి, చరణాల్లో డాబా మీద స్నానం చేసే ఆమె, జుట్టు కత్తిరించే ఆమె, అంటే దావీదును, సంసోనును మోహంలో పడేసిన బత్షెబ, దెలీలా కథలు ఉన్నాయని ఇంగ్లీషు టీచరమ్మ ఒకరు చెప్పేదాకా తెలీలేదు.

లోక పాటల గొడవ అంటారా, యూటూలో ముగ్గురికి అదే గొడవ వచ్చింది. 80ల మొదట్లో డబ్లిన్‌లో షాలోమ్ అనే క్రైస్తవ సహవాసానికి పోయేవాళ్లు, అక్కడ రాక్, విశ్వాసం రెండూ కుదరవని ఒత్తిడి, గిటారిస్టు ఎడ్జ్ బ్యాండు మానేద్దాం అన్నంత దాకా వెళ్లినాడు. నేను యూత్ మీటింగ్‌లో '40' గురించి సాక్ష్యం చెప్తే ఒక పెద్దాయన, ఆ పాడినతను బాప్తిస్మం తీసుకున్నాడా అని అడిగినాడు, నేను నోరెళ్లబెట్టినా. ఇంటికొచ్చి చెప్తే మా జేజి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, చానా పాటల పైన రాగం, తాళం రాసుండేది చూపించి, ఈ రాగాలు గుళ్లో పాడేవే కదరా, చర్చిలో పుట్టినాయా అనింది. తిరుపతిలో మైకులో అన్నమయ్య వింటా పెరిగిన మనిషి, ఆమెకి ఆ తేడా పెద్దగా లెక్కలేదు.

మీ అయ్యగారితో వాదన పెట్టుకోవద్దండి. 1988 'రాటిల్ అండ్ హమ్'లో మీరడిగిన పాటే 'న్యూ వాయిసెస్ ఆఫ్ ఫ్రీడమ్' అనే గాస్పెల్ కోయిర్‌తో కలిసి పాడింది ఉంది, అది వినిపించండి. మా జేజికి చానా ఏళ్ల తర్వాత ఫోన్‌లో పెట్టినా, ఒక్క ముక్క అర్థం కాలేదు, చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది.